నాలుక్కి నాలుగు వారాలు

చెవికి తూటు పొడవడానికి కంసాలికి ఎంతసేపు పడుతుంది? బిడ్డ ఏడుపు గొంతులోంచి బయటికి వచ్చేలోపలే అయిపోతుంది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని చేతులు అదిమి పట్టుకుంటాడు. ఎవరో ఒకరు బెల్లం ముక్క నోట్లో పెడతారు. బంగారు తీగ ఈ పక్క నుంచి ఆ పక్కకి వచ్చేస్తుంది. అంతే! పని అయిపోయిందనుకుని చుట్టాలు భోజనాలకు లేస్తారు. పని అప్పుడే మొదలైందన్న సంగతి ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు.

ఆ తర్వాత నెల రోజులూ వాళ్లదే బాధ్యత. గోరువెచ్చటి నీళ్లతో తుడవాలి. నూనెలో పసుపు రంగరించి అద్దాలి. తల దువ్వేటప్పుడు దువ్వెన తగలకుండా, నిద్రలో దుప్పటి నూలు చిక్కుకోకుండా కాపలా కాయాలి. తీగ తీశాక తూటు పూడిపోకుండా వేపపుల్లో చీపురుపుల్లో తుంచి పెట్టాలి. అది కాస్త సాగాక పక్కన ఇంకో పుల్ల చేర్చాలి.

ఈ పుల్లల పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 16వ అధ్యాయం చెవులు కుట్టడం గురించి, తెగిన చెవితమ్మెలు అతకడం గురించి చెబుతుంది. తమ్మెని ఎండకి ఎదురుగా పట్టి, వెలుతురు కనిపించే పలచని చోట పొడవమన్నాడు సుశ్రుతుడు. అక్కడితో ఆపలేదు. పచ్చి నూనెతో తడపమన్నాడు. మూడు రోజులకోసారి వత్తి మార్చి, ముందుదాని కన్నా కాస్త లావుది పెట్టమన్నాడు. పొడవడం ఎంత విద్యో, పొడిచినదాన్ని మాన్పడం అంతకు మించిన విద్య అని ఆయనకి తెలుసు.

చెవి సంగతి మనకి తెలుసు. ముక్కు సంగతీ తెలుసు. మరి నాలుక సంగతి? ఆ ప్రశ్న మా ఇంటికి చెన్నై నుంచి వచ్చింది.

మాది నెల్లూరు తీరాన కోట. గూడూరులో దిగి సముద్రం వైపు వచ్చే బస్సెక్కితే మా ఊరు. స్వర్ణముఖి దాటితే వాకాడు, ఇంకా తూర్పుకి పోతే పల్లెపాళేలు, ఆపైన సముద్రమే. ఇంజనీరింగు కాలేజీ ఉన్న విద్యానగర్ మా పక్కనే. కాబట్టి కొత్త ఫ్యాషన్లు మాకు తెలియవనుకోకండి. కనుబొమ్మకి రింగు పెట్టుకున్న కుర్రాడు బజార్లో టీ తాగుతుంటే ఎవరూ ఆగి చూడరిప్పుడు. కానీ బజార్లో చూడటం వేరు, మనింట్లో చూడటం వేరు.

మా అమ్మాయి చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. ఓ శుక్రవారం రాత్రి పది రోజులు సెలవు పెట్టి వచ్చింది. సంచి కింద పెట్టి, ఏదో చెప్పబోయి ఆగిపోయి, నోరు తెరిచి చూపించింది. నాలుక నడిమధ్యన సెనగగింజంత గుండు మెరుస్తోంది. నాలుక కింద ఇంకో గుండు. రెండింటినీ కలుపుతూ లోపల సన్నటి కడ్డీ. ముందురోజు సాయంత్రమే చేయించుకుందట.

మావారు ఒక్కసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీదికి వెళ్లిపోయారు. నేను మాత్రం తిట్టలేదు. చాలా ఏళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నదాన్ని, ఎప్పుడు తిట్టాలో ఎప్పుడు కూడదో నాకు తెలుసు. వాచిన నాలుకతో పిల్ల ఎదురు జవాబు చెప్పలేదు. అలాంటివాళ్లని తిట్టడం ధర్మయుద్ధం కాదు.

ఇంటిల్లిపాదిలో అందరికన్నా తక్కువ ఆశ్చర్యపోయింది మా అత్త. ఆమెకి ఎనభై దాటాయి.

"ఏందిమే, శూలం గుచ్చుకుంటివా? ఏం మొక్కుకుంటివి?" అంది మనవరాలి గడ్డం పట్టుకుని.

అమ్మాయి లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"మొక్కు గాదా! మా అన్న జరం తగ్గితే గుచ్చుకున్న్యాడు. ఊరికే ఎవురన్నా గుచ్చుకుంటారంటమే?"

అత్త పుట్టిల్లు తమిళ సరిహద్దు దగ్గర. ఆడికృత్తిక వచ్చిందంటే ఆ వైపు పల్లెల నుంచి జనం కావడి ఎత్తుకుని తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకి పోతారు. అత్త చిన్నప్పుడు తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. 1960లో సరిహద్దులు సవరించినప్పుడు అటు కలిసింది. రాష్ట్రం మారినా మొక్కులు మారలేదు, కావళ్లు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాయి. అన్న ముందు నుంచీ ఒంటిపూట భోజనం చేశాడట, నీచు ముట్టలేదట, చాప మీదే పడుకున్నాడట. కొండ కింద చిన్న వెండి శూలం నాలుకకి గుచ్చారు. ఇక కొండెక్కి దర్శనం అయ్యేదాకా మాట లేదు. అసలు మొక్కు అదే. మాటని తీసుకెళ్లి స్వామికి అప్పజెప్పడం. పైన శూలం తీసేసి విభూతి అద్దారు.

"మూడోనాటికి పులుసన్నం తిన్న్యాడు" అంది అత్త, అదేదో నిన్న జరిగినట్టు.

నాలుకని దేవుడికి ఇవ్వడం మన దగ్గరే కాదు. మలేసియాలో బతు గుహల దగ్గర తైపూసం నాడు ఇవే శూలాలు కనిపిస్తాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో మెక్సికో నుంచి తెచ్చిన ఒక రాతి పలక ఉంది. మాయా రాణి ఒకావిడ ముళ్లు కట్టిన తాడును తన నాలుకలోంచి లాగుతున్నట్టు దానిమీద చెక్కారు. అది క్రీ.శ. 709 నాటి క్రతువు.

అయితే అత్త చెప్పిన కథ విని ధైర్యం తెచ్చుకోవడానికి లేదు. శూలం వేరు, ఈ కడ్డీ వేరు. శూలాన్ని గుచ్చి తీసేస్తారు. మిగిలింది ఒట్టి గాయం, రెండు వైపుల నుంచీ కండ కలిసిపోతుంది. నాలుకకి రక్తం బాగా అందుతుంది కాబట్టి నోట్లో గాయం ఒంటిమీద గాయం కన్నా తొందరగానే మానుతుంది. కడ్డీ అలా కాదు, అక్కడే ఉంటుంది. దాన్ని ఉంచుకునే నాలుక మానాలి. కడ్డీ చుట్టూ కొత్త పొర పెరిగి, సన్నటి గొట్టంలా తయారవాలి. అందుకు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా తిండీ మాటా ఎంగిలీ అన్నీ దాని మీదుగానే నడవాలి. నడివీధిలో గుంత తవ్వి, బండ్లు ఆపకుండా పూడ్చమన్నట్టు!

పొడిచిన దుకాణం వాళ్లు జాగ్రత్తలు రాసిన కాగితం ఇచ్చారు, ఇంగ్లీషులో. నేను దాన్ని తెలుగులో రాసి, వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించాను. జబ్బు ఒకరిదైనా పథ్యం ఇంటందరిదీ కదా.

మొదటిది ఉప్పునీళ్లు. కాచి చల్లార్చిన నీళ్లు పావు లీటరు, అందులో ఉప్పు పావు చెంచా. అన్నం తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందూ అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. అత్త కల్లుప్పు డబ్బాలోంచి గుప్పెడు తీయబోయింది. ఉప్పెక్కువైతే పుండు తొందరగా మాడుతుందని ఆమె లెక్క. కానీ ఎక్కువైతే కొత్తగా వచ్చే పొర మండి ఎండిపోతుంది. కన్నీళ్లంత ఉప్పగా ఉంటే చాలు. మందుల షాపులో దొరికే మౌత్‌వాష్ వాడాలంటే ఆల్కహాల్ లేనిదే తీసుకోవాలి. అదీ అతిగా కూడదు. మంచిదే కదా అని గంటకోసారి కడిగితే నాలుక పచ్చబారి, మానేది కూడా ఆలస్యమవుతుంది.

రెండోది ఐసు. మొదటి నాలుగైదు రోజులు చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టుకుని కరగనిస్తే వాపూ నొప్పీ తగ్గుతాయి. నమలకూడదు, గుండుకి పన్ను తగిలితే పెచ్చు లేస్తుంది.

మూడోది తిండి. నెల్లూరు సీమ పిల్లకి పులుసూ కారం వద్దని చెప్పడం కన్నా కఠినమైన పథ్యం ఇంకోటి ఉందా? ఆదివారం మామిడికాయ వేసిన చేపల పులుసు ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే, మా అమ్మాయి చల్లారిన రాగిజావ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లి కూర్చుంది. మజ్జిగ, జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం. అదీ చిన్న చెంచాతో, నాలుక అటూ ఇటూ తిప్పకుండా, నేరుగా దవడపళ్ల మీద పెట్టుకోవాలి. వేడి కాఫీ లేదు, నిమ్మకాయ లేదు, ఊరగాయ లేదు. ఆకువక్క, సిగరెట్టు, మందు అలవాటున్నవాళ్లయితే తూటు మానేదాకా అవీ బందే. ఒకరి గ్లాసు ఇంకొకరు ముట్టకూడదు. ఈ విషయంలో మాత్రం మన ఎంగిలి పట్టింపు బాగా పనికొచ్చింది.

ఆ కాగితంలో లేని సంగతి ఒకటి నేనే చేర్చాను. 'నాలుక బద్ద వాడరాదు.' పొద్దున్నే నాలుక గీసుకోకపోతే మనకి మొహం కడుక్కున్నట్టే ఉండదు. అలవాటు చొప్పున బద్ద పెట్టి ఒక్క లాగు లాగితే ఏమవుతుందో ఊహించండి! వాళ్లు ఏ దేశపు కాగితం చూసి రాసుకున్నారో, ఆ ఊసే లేదు. కొత్త మెత్తటి బ్రష్షు ఒకటి కొన్నాను. పళ్లు మామూలుగా తోముకోవచ్చు, గుండు జోలికి పోకూడదు. చేత్తో తడిమి చూడటం, పళ్లతో కొరికి ఆడటం అసలే కూడదు.

శనివారం అత్త పసుపుకొమ్ము అరగదీసి గిన్నెతో తెచ్చింది. చెవికి పైపైన అద్దేది వేరు, నోట్లో తెరిచిన తూటులో పొడి కూరుకుపోయేది వేరని చెప్పాను.

"మా అన్నకి విభూతి అద్దలా?" అంది.

"అద్దేటప్పటికి శూలం బయటికొచ్చేసిందిగా అత్తా" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి, గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాలుగో నాడు మళ్లీ తేలేదు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి తన పద్ధతిని అలా పక్కన పెట్టడం చిన్న విషయం కాదు.

ఆదివారానికి మాట దాదాపు పోయింది. తెలుగు టీచర్ని కాబట్టి నాకు అందులోనూ పాఠం కనిపించింది. ప, బ, మ... పెదవులతో పలికేవన్నీ చక్కగా వస్తున్నాయి. ట, డ, ణ, ళ... నాలుక మడిచి అంగిటికి తాకించాల్సినవన్నీ తప్పుతున్నాయి. మూర్ధన్యాలంటే ఏమిటో ఆరో తరగతి పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. ఇంట్లో ప్రాణమున్న బొమ్మే కూర్చుంది. పాపం, తన ఊరి పేరే పలకలేకపోయింది. 'కో' దగ్గర ఆగి ఊరుకునేది.

సోమవారం రాత్రి ఆ సరదా పోయింది. వాపు ఇంకా పెరిగింది. పై గుండు కండలోకి కుంగుతున్నట్టు కనిపించింది. అమ్మాయి కళ్లలో నీళ్లు. "తీసి పారేయండి దాన్ని" అంది అత్త. మావారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, లోపలికి రాలేదు, పోలేదు.

నేను తీయలేదు. ఎందుకో చెబుతాను, ఇది తెలుసుకోవాల్సిన సంగతి. అర్ధరాత్రి కంగారులో, వాచిన నాలుక మీద, కడుక్కోని వేళ్లతో మర విప్పడం ఒక ప్రమాదం. ఒకవేళ లోపల చీము పట్టి ఉంటే, కడ్డీ తీయగానే పై తూటు గంటల్లోనే మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవడం ఇంకో ప్రమాదం. తీయాలో వద్దో డాక్టరు చెప్పాలి. నేను చూసింది నాలుగే విషయాలు. జ్వరం లేదు. ఊపిరి బాగా ఆడుతోంది. ఉమ్మి మింగగలుగుతోంది. గడ్డం కింద గట్టిపడలేదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా తెల్లవారేదాకా ఆగేదాన్ని కాదు. నోటి అడుగుభాగం వాచి, నాలుకని పైకి నెట్టి, గొంతు మూసుకుపోయే ఇన్ఫెక్షన్ ఒకటుంది. దాన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. అరుదే అయినా ప్రాణం మీదికి తెస్తుంది. దానికి ఉప్పునీళ్లు కాదు, పెద్దాసుపత్రే మందు.

పొద్దున్నే గూడూరు బయల్దేరాం. రమ్మని ఎవరూ అడగలేదు, మావారే కారు తీశారు. పళ్ల డాక్టరమ్మ నోరంతా చూసి, మూడు నుంచి ఐదో రోజు దాకా వాపు ఇలాగే ఉంటుందని, ఆ వాపు కోసమే మొదట పొడుగు కడ్డీ పెడతారని చెప్పింది. ఇంకా చోటుంది కాబట్టి ఇప్పుడు తీయక్కర్లేదంది. ఒకవేళ గుండు నిజంగా మునిగిపోతే, చేతనైనవాళ్లతో ఇంకా పొడుగుది వేయించాలట. తూటు దగ్గర తెల్లగా, పసుపుగా ఊరే పలచటి ద్రవం మామూలేనట. ఆకుపచ్చగా, చిక్కగా, కంపు కొడుతూ వస్తే మాత్రం చీము. నొప్పికి, వాపుకి మాత్రలు రాసింది. సొంతంగా ఆస్ప్రిన్ వేసుకోవద్దంది, దానితో రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది కాబట్టి.

అంతసేపూ గోడకి ఆనుకుని నిలబడ్డ మావారు అప్పుడు నోరు విప్పారు. "ఊపిరాడకపోతే ఎంతసేపట్లో తెలుస్తుంది డాక్టరుగారూ?" అని అడిగారు. ఐదు రోజులుగా ఆయన మోసుకు తిరుగుతున్నది కోపం కాదని అమ్మాయికి అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి ఐసు ట్రేలు ఆయనే నింపారు.

గురువారానికి వాపు తీసింది. సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు అడిగాను, ఎందుకు చేయించుకున్నావని. కోప్పడుతూ కాదు, తెలుసుకుందామనే.

"రోజుకి తొమ్మిది గంటలు ఫోన్లో కంపెనీ రాసిచ్చిన మాటలే మాట్లాడతానమ్మా. సారీ సర్, థాంక్యూ మేడమ్. ఈ నాలుక వాళ్లదే అనిపించింది. నాదని ఒక గుర్తు పెట్టుకున్నాను" అంది.

లోపల మంచం మీద నుంచి అత్త వింటూనే ఉంది. "అట్టయితే మొక్కేమే అది" అంది.

నాకు ఆ మాట నచ్చింది. నచ్చినంత మాత్రాన అందరినీ పొడిపించుకోమని చెప్పను. ఆ కడ్డీ ఏళ్ల తరబడి ఉంటే పళ్లు చిట్లుతాయి, కింది చిగుళ్లు అరుగుతాయి. అయినా పిల్లలు చేయించుకుంటారు, మనల్ని అడిగి కాదు. అలాంటప్పుడు వాళ్ల చెవిన ఈ నాలుగు ముక్కలు వేయండి. సూది మన కళ్ల ముందు కవరు చించి తీసిందే కావాలి. పరికరాలు ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసినవై ఉండాలి. లేకపోతే హెపటైటిస్ లాంటివి సూదితోపాటు వస్తాయి. తిరునాళ్లలో దుకాణం పెట్టినవాళ్లు చెవులకి వాడే తుపాకీలాంటి యంత్రం నాలుక దగ్గరికి రానివ్వకూడదు. నాలుక కింద రెండు వైపులా రక్తనాళాలు ఉంటాయి కాబట్టి, పొడిచేవాళ్లు వెలుతురులో చూసి సరిగ్గా నడిమధ్యనే పొడవాలి. చవక లోహం కన్నా శరీరంలో అమర్చడానికి వాడే టైటానియం మేలు. గుండె కవాటాల జబ్బు, షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ముందుకు పోకూడదు. శూలం మొక్కు ఉన్నవాళ్లకీ ఇదే మాట. ఒకరికి గుచ్చింది ఇంకొకరికి గుచ్చకూడదు. భక్తి ఎంతున్నా రక్తం రక్తమే.

ఇంకో సంగతి. వాపు పోయిందంటే మానిందని కాదు. పైకి బాగుపడినట్టు కనిపించే రెండో వారంలోనే పిల్లలు ఊరగాయ జాడీ తెరుస్తారు, కడ్డీ తీసి చూసుకుంటారు. లోపలి పొర ఇంకా పచ్చిగానే ఉంటుంది. తీసిన కాసేపటికే తూటు బిగుసుకుంటుంది, మళ్లీ పెట్టాలంటే కొత్త గాయమే. వాపు పూర్తిగా తగ్గాక, రెండు నుంచి నాలుగు వారాల మధ్య, పొడిచినవాళ్ల దగ్గరికే వెళ్లి పొడుగు కడ్డీ తీయించి పొట్టిది పెట్టించుకోవాలి. పొడుగుదే ఉంచుకుంటే అది పళ్లకి తగులుతూ ఉంటుంది. చెవికైతే సన్నపుల్లతో మొదలుపెట్టి లావుపుల్లకి పోతాం. నాలుక్కి పొడుగుతో మొదలుపెట్టి పొట్టికి రావాలి. రెండింటికీ కావాల్సింది మాత్రం ఒక్కటే, ఓపిక.

మా అమ్మాయి మూడో వారంలో చెన్నైలో కడ్డీ మార్పించుకుంది. ఆరో వారం ఆదివారం పొద్దున ఫోన్ చేసింది. మాట స్పష్టంగా ఉంది. ళకారాలు, టకారాలు దేనికది పలుకుతున్నాయి. నేను తృప్తిగా వింటుండగా మావారు చెయ్యి చాపారు. ఆయన మామూలుగా ఫోన్ దగ్గరికి రారు. 'బాగున్నారా అని చెప్పు' అంటారు, అంతే.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"ఏమ్మా, వచ్చే ఆదివారం వస్తే చేపల పులుసు పెట్టమంటాను. కారం తగలదు కదా ఇప్పుడు?"